హార్మోనియం ఇస్తే ఏడాది గ్యారంటీ

"హార్మోనియం ఇచ్చేయుండ్రి. బండికి ఇంకో ఏడాది గ్యారంటీ రాసిస్త," అన్నాడు రాజమల్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

నాంపల్లి స్టేషన్ వెనక అతని షెడ్డు. వేలంలో కొన్న పాత అంబులెన్సులో మంచాలు బిగించి, స్టౌకు గూడు కట్టి, మాకు ఇల్లుగా చేసి అమ్మింది అతనే. హిమాయత్‌నగర్‌లో గది ఖాళీ చేసి నేనూ, మా ఆయన కోదండరామయ్యగారూ అందులోనే కాపురముంటున్నాం. ఊరూరా ఆగి నేను హరికథ చెబుతాను. హార్మోనియం వాయించేదీ ఆయనే, బండి నడిపేదీ ఆయనే. బండి ఆగిందంటే మాకు తిండీ లేదు, ఇల్లూ లేదు.

నిన్న మొజంజాహీ మార్కెట్ దగ్గర పళ్లబండిని గుద్దబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాం. స్టీరింగు పట్టేస్తోందన్నారు ఆయన. పాత గ్యారంటీ ఇవాళ్టితో సరి. అందుకే పరుగెత్తుకొచ్చాం.

"పైసలు అడుగుత లేనమ్మా. మా భజన మండలికి హార్మోనియం పెట్టె కావాలె. ఇంజన్ల ఏం ఖరాబైనా ఏడాది దాంక నేనే చూస్త. ఫికర్ చెయ్యకుండ్రి."

"పెట్టె నీకిచ్చి నేను కథ ఎట్లా చెప్పనయ్యా? వెనకాల నీ స్పానర్లు వాయించుకోమంటావా?"

"ఇచ్చేద్దాం కామాక్షీ," అన్నారు మా ఆయన.

నా చెవుల్ని నేను నమ్మలేదు. ఆ పెట్టె మీద దుమ్ము కూడా నన్ను తుడవనివ్వని మనిషి!

కోపం ఇంకా తీరలేదన్నమాట, అనుకున్నాను. దసరా ముందు ఆయన్ని అడక్కుండా శ్రుతి ఒక మెట్టు పెంచాను. అప్పట్నుంచీ నా పాట వెంట వాయించడం మానేసి, ఉత్త శ్రుతి పట్టుకుని కూర్చుంటున్నారు. నాకేం తక్కువ కోపమా? మొన్న ఆబిడ్స్‌లో కథ మధ్యలో ఓ పిట్టకథ దూర్చాను. కూరలో ఉప్పు తగ్గిందని అలిగి, మూల కూర్చుని 'ఊఁ' తప్ప ఇంకో ముక్క అనని మొగుడి కథ. ఆయన వైపు చెయ్యి చూపించి మరీ చెప్పాను. జనం పడీపడీ నవ్వారు. పాపం, ఆయనా నవ్వారు.

రాజమల్లు బండిలోని పెట్టె ముందుకు లాక్కుని తిత్తి కదిపాడు. మెట్ల మీద వేలు పెట్టకుండానే శ్రుతి గుంయ్‌మంది.

"ఇదేంది సారూ, ముట్టకుండనే మోగుతున్నది?"

వంగి చూశాను. నొక్కిన రెండు మెట్లు పైకి లేవకుండా పక్కన అగ్గిపుల్లలు దోపి ఉన్నాయి. అతను వాటిని పీకేయగానే మోత ఆగిపోయింది.

మా ఆయన కుడిచెయ్యి కండువా కిందికి జారింది. నేను లాగి పట్టుకున్నాను. వేళ్లు ఒక్కొక్కటే ఎత్తాను. ఎత్తినవి ఎత్తినట్టే వాలిపోయాయి.

"ఎప్పట్నుంచండీ?"

"దసరా ముందు నుంచి. చెబితే నువ్వు కథలు మానేస్తావని..."

"అయ్యో, అలిగారనుకున్నానండీ! అంతమందిలో నవ్వులపాలు చేశానే మిమ్మల్ని!" షెడ్డని కూడా చూడకుండా భోరున ఏడ్చాను. ఏడుస్తుండగానే పళ్లబండి గుర్తొచ్చింది.

"మరి నిన్న... స్టీరింగు?"

ఆయన ఎడమచేత్తో కుడిచేతిని మళ్లీ కండువా కిందికి నెట్టుకున్నారు.

"స్టీరింగు మంచిగనే ఉన్నదమ్మా. పొద్దుగాల్నే చూసిన," అన్నాడు రాజమల్లు మెల్లిగా. "మరి గ్యారంటీ ఏం జేద్దాం?"

ఇంజనుకు ఏడాది హామీ ఇస్తాడు. ఈ చేతికి ఎవరిస్తారు? పెట్టె నా వైపు లాక్కున్నాను. అగ్గిపుల్లలు ఏరి మళ్లీ మెట్ల పక్కన దోపాను.

"నీ గ్యారంటీ నాకొద్దు. బండి నడపడం నేర్పు."

"గింత పెద్ద బండి! ఆడమనిషితోని అయితదా అమ్మా?"

"కాళ్లకు గజ్జెలు కట్టి రాత్రంతా గంతులేసేదాన్ని, నీ క్లచ్చు తొక్కలేనా?"

కొంగు బిగించి డ్రైవరు సీటెక్కాను. కళ్ల వెంట నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి. మా ఆయన పక్క సీట్లో కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో తిత్తి కదపడం మొదలుపెట్టారు.

"గిట్ల ఏడ్సుకుంట బండి నేర్సుకుంటరా అమ్మా?"

"నేర్చుకుంటారు. ముందు చెప్పు, వీటిలో బ్రేకేది?"