కోర్టులో మామగారి పేరు

జౌరే నోరు తెరిస్తే మూతపడదని కజాఖుల ఊరు తల్దీకోర్గాన్‌లో వాళ్ల వీధంతటికీ తెలుసు. అలాంటిది, కోర్టులో జడ్జి "నీ కుక్క పేరేంటమ్మా?" అనగానే నోటికి తాళం పడింది.

గేటు తీసి ఉంటే వీధిలోకి పోయిన కుక్కను జంతు సంరక్షణ వాళ్లు పట్టుకుపోయారు. దాని మెడలోని చిప్‌లో పాత యజమాని పెట్టిన పేరుంది. ఆయన అది కూనగా ఉండగానే జౌరేకిచ్చి ఊరొదిలి పోయాడు. ఆ పేరైనా చెప్పలేని మనిషికి కుక్కనివ్వం, వేరేవాళ్లకు పెంపకానికిస్తాం అని అధికారి భీష్మించుకున్నాడు.

తెలియక కాదు. సింహమని అర్థమొచ్చే ఆ పేరే కాలం చేసిన మామగారిది కూడా. కజాఖు కోడలు అత్తింటి పెద్దల పేరు పలకడమా! కాపురానికొచ్చిన నాటినుంచి జౌరే ఆ పాపం ఎరగదు. అందుకే ఇంట్లో కుక్క పేరు ఉత్త "ఓయ్". పైగా అత్తగారు ఉమ్సిన్ వెనక బెంచీ మీదే కూర్చుని ఉంది.

"అదేనయ్యా... జూలుంటుంది, అడవికి రాజు..."

"పొడుపుకథలొద్దు. పిలువు."

"ఓయ్!"

అధికారి తాడేసి పట్టుకున్న కుక్కతోపాటు గుమాస్తా, పోలీసు కూడా తిరిగి చూశారు.

"ఇక్కడందరం ఓయ్‌లమేనమ్మా. పేరు చెప్తావా, కేసు కొట్టెయ్యనా?"

కుక్క బిక్కమొహంతో జౌరే వైపే చూసింది. ఏదైతే అదయిందని జౌరే కళ్లు మూసుకుని ఆ పేరు పెట్టి కేకేసింది.

"అరిస్తాన్!"

కుక్క చెవి కూడా కదపలేదు. జౌరే ఇంట్లో దాన్ని ఆ పేరుతో ఎవరు పిలిచారు గనక!

"చూశారా?" అన్నాడు అధికారి.

ఉమ్సిన్ లేచింది. "ఒసేయ్ సిగ్గులేనిదానా! నా మొగుడి పేరు నలుగుర్లో కేకేస్తావా!"

ఆ గొంతు వినగానే జౌరే అలవాటుగా బల్ల చాటుకు వంగింది. కుక్క తాడు విడిపించుకుని పరిగెత్తుకొచ్చి ఆమె పక్కనే నక్కింది.

జడ్జి నవ్వాపుకోలేకపోయాడు. "ఈ రెండూ ఒకే అత్త కింద కాపురం చేస్తున్నాయయ్యా. ఇంకా సాక్ష్యం ఎందుకు? ఇచ్చెయ్యండి."

దారిపొడుగునా ఉమ్సిన్ మూతి ముడుచుకునే నడిచింది.

"తప్పయిపోయింది అత్తమ్మా."

"తప్పే." కాస్త దూరం పోయి ఆగింది. "నేనూ ఏనాడూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదే. ఆయన పోయాక మనింట్లో ఆ పేరే వినపడలేదు." కళ్లు తుడుచుకుంది. "ఇంకోసారి అనవే. గట్టిగా."