ఎడంవైపు చక్రం

నాది ఎడంచేతి వాటం. నా కుట్టుమిషన్‌ది కుడిచేతి వాటం. ఇరవై రెండేళ్ల నుంచి మా ఇద్దరికీ పొసగడం లేదు, అయినా కలిసే బతుకుతున్నాం. చక్రం కుడివైపు ఉంటుంది కాబట్టి, కుట్టు మొదలెట్టిన ప్రతిసారీ నా మాట వినని చేత్తో దాన్ని తిప్పాలి. కత్తెర కూడా కుడిచేతివాళ్లదే. ఈ లోకాన్ని ఎవరో కుడిచేతివాళ్లు తీరిగ్గా కూర్చుని చేసుకున్నారు, చేసేటప్పుడు మమ్మల్ని పిలవడం మర్చిపోయారు. బడిలో టీచరమ్మ స్కేలుతో కణుపుల మీద కొట్టి నా రాతని కుడిచేతికి మార్చింది. కలల్ని మార్చడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

నాకొక కల తరచూ వచ్చేది. తలుపు గడియ, కుళాయి, దీపం స్విచ్చి, అన్నీ నా చెయ్యి ఎటు వెళ్తే అటే ఉండే ఒక ఇల్లు. అందులో గోడవారగా ఒక మిషన్, దాని చక్రం ఎడంవైపు. నేను ముట్టుకోగానే చప్పుడు లేకుండా తిరిగేది. సూది కింద నుంచి బట్ట నీళ్లలా జారిపోయేది. మెలకువ వచ్చాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి అయ్యేది కాదు. ఒకసారి మా ఆయనతో చెబితే, అలాంటి మిషన్లు ఎక్కడా ఉండవని తేల్చేశారు. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. పట్టికలో లేని బస్సు ఆయన దృష్టిలో లేనట్టే.

ఈ మధ్య నా కుడి భుజం పట్టేసింది. చక్రం తిప్పడం తగ్గించమన్నాడు డాక్టరు. తగ్గిస్తే ఇక కుట్టేదేముంది? దాని పీడ వదిలించుకుని ఏదైనా చిన్న మిషన్ కొనుక్కుందామని, దీన్ని అమ్మకానికి పెట్టాను. పెట్టింది నేను కాదు, పై వాటాలో ఉండే మా తోడికోడలు. తను కొరియర్ ఆఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. రోజూ రకరకాల మనుషుల్ని చూసి చూసి, ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకంగా తయారైంది. నేను మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేలోపు తన ఫోన్‌తో మిషన్‌ని ఫొటో తీసి, పాత సామాన్లు అమ్ముకునే సైట్లో ప్రకటన పెట్టేసింది. చూస్తావా అక్కా అని అడిగింది. రోజూ చూసే మొహమే కదా, ఫొటోలో కొత్తగా చూసేదేముంది అన్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

మూడో రోజు మధ్యాహ్నం భోంచేసి, ఫ్యాను కింద చాప మీద ఒరిగి, అదే సైట్లో మిషన్లు చూస్తున్నాను. కళ్లు సగం మూతలు పడుతున్నాయి. ఒక ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది. కాలితో తొక్కే పాతకాలం మిషన్. చక్రం ఎడంవైపు ఉంది.

లేచి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ చూశాను. ఎడంవైపే. నల్లటి మిషన్, అరిగిన చెక్క, వెనక తెల్ల గోడ, మేకుకి తగిలించిన మగవాళ్ల చొక్కా. మిషన్ మీద పేరు ఉండే చోట ఎండ పడి అక్షరాలు కనిపించడం లేదు. చొక్కాకి జేబు కుడివైపు ఉంది. అది చూడగానే నాకు అనుమానం రావాలి, కానీ ఆనందం వచ్చింది. ఆ ఇంటాయనది కూడా ఎడంచెయ్యే కాబోలు, పెన్ను తీసుకోవడానికి వీలుగా వాళ్లావిడ జేబుని అటు కుట్టింది అనుకున్నాను. ఇన్నేళ్లు చొక్కాలు కుట్టినదాన్ని, నన్ను నేను అంత శుభ్రంగా నమ్మించుకున్నాను.

పైగా ఆ గది నాకు బాగా తెలుసు అనిపించింది. తెలియకేం, ఎన్ని రాత్రులు కలలో అక్కడ కూర్చోలేదు? ఆ తర్వాత రెండు రోజులూ నేను మా ఇంట్లో లేను. అన్నం వండుతున్నా, కాజాలు కుడుతున్నా, ఆ తెల్ల గోడ పక్కనే ఉన్నాను. గడియ తీస్తే చేతికి అందేది, కుళాయి తిప్పితే చేతికి అందేది. ఆ పరధ్యానంలో ఒకావిడ గౌనుకి రెండు చేతులూ ఎడమవే కుట్టి, ఇస్త్రీ చేసేదాకా చూసుకోలేదు.

అమ్మే మనిషికి మెసేజ్ పెట్టాను. ఇది ఎడంచేతివాళ్ల మిషనా అని అడిగితే, అవును మేడమ్, ఎడంచేతివాళ్ల మిషన్ అన్నాడు. మీ అమ్మగారు వాడేవారా అంటే, మా అమ్మగారు వాడేవారు అన్నాడు. ప్రత్యేకంగా చేయించారా అంటే ప్రత్యేకంగా చేయించాం అన్నాడు. ఆవిడ ఇప్పుడు లేరా అని అడిగాను. లేరు మేడమ్ అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలాంటి మనిషి ఒకావిడ, ఆవిడ కోసం మిషన్ చేయించిన ఇంటివాళ్లు. అలాంటి ఇల్లు ఒకటి నిజంగానే ఉందన్నమాట.

వచ్చి చూసుకుంటానంటే, బదిలీ అయింది, సామాను సర్దేశాం అన్నాడు. సగం డబ్బు ముందు పంపితే వ్యాన్‌లో ఎక్కించేస్తాడట. ఇంకొకరు కూడా గట్టిగా అడుగుతున్నారు కాబట్టి శుక్రవారం సాయంత్రం ఐదులోపు తేల్చాలట. సరిగ్గా అదే రోజు ఐదింటికి, నా మిషన్ కొనడానికి యూనిఫారాలు కుట్టే షాపావిడ బండి మాట్లాడుకుని వస్తానంది. ఒకటి గడప దాటేసరికి ఇంకోటి బయల్దేరుతుంది, ఎంత కలిసొచ్చిందో అని మురిసిపోయాను.

తోడికోడలు వినగానే మొహం చిట్లించింది. కళ్లతో చూడకుండా, చేత్తో ముట్టుకోకుండా పైసా పంపొద్దంది. తొందరపెట్టేవాణ్ణి అసలు నమ్మొద్దంది. రాని పార్సెల్ కోసం వాళ్ల కౌంటర్ దగ్గర వారానికి ఒకరైనా ఏడుస్తారట. ఏదీ, ఆ ఫొటో చూపించు అంది. నేను చూపించలేదు. కలని ఎవరికైనా చూపిస్తే కరిగిపోతుందని భయం. పైగా ఒళ్లు మండి, నీకు ప్రతివాడూ దొంగలాగే కనిపిస్తాడు అన్నాను. తను కోపం తెచ్చుకోలేదు.

"అక్కా, ఒక్కటే అడుగు. ఆ మిషన్ మీద ఒక గరిటె పెట్టి, ఇప్పుడు ఫొటో తీసి పంపమను."

"గరిటె ఎందుకే?"

"మిషన్ మీద గరిటె పెట్టిన ఫొటో ఎవరి దగ్గరా ముందే ఉండదు కాబట్టి."

అడిగాను. గరిటెలు కూడా సర్దేశాం మేడమ్ అన్నాడు. నాకది సబబుగానే తోచింది. ఇల్లు మారేవాళ్లు గరిటె చేత్తో పట్టుకుని తిరుగుతారా?

శుక్రవారం నాలుగున్నర అయింది. నేను దాచుకున్నదంతా పంపడానికి ఫోన్లో సిద్ధం చేసి, ఎడంచేతి వేలు దాని మీదికి తెచ్చాను. అప్పుడే మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో వంగి చెప్పులు విప్పుతున్నారు. జేబు మీద సిరా మరక కనిపించింది. కారే పెన్ను మానండీ అంటే వినరు. రెండు చెవుల పిల్లి తలలా ఉంటుంది ఆ మరక, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఒక చెవి పెద్దది, ఒకటి చిన్నది.

ఆ పిల్లిని నేను ఈ మధ్య ఇంకెక్కడో చూశాను.

ఫోన్లో ఆ ఫొటో తీసి పెద్దది చేశాను. మేకుకి తగిలించిన చొక్కా. కుడివైపు జేబు. జేబు మీద పిల్లి తల, కాకపోతే పెద్ద చెవి అటుది ఇటు అయింది.

"ఏమండీ, కదలకండి," అన్నాను.

ఆయన ఒక చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తోడికోడల్ని కేకేశాను. తను దిగి వచ్చి, ఫోన్ తీసుకుని, ఏదో నొక్కి ఫొటోని కుడిఎడమలు మార్చింది. చక్రం కుడివైపుకి వచ్చేసింది. జేబు ఎడంవైపుకి వెళ్లిపోయింది. తెల్ల గోడ మా గోడ అయిపోయింది.

"నేను తీసిన ఫొటోనే అక్కా," అంది మెల్లగా. "అదే ఫొటో అని సైటువాళ్లు పట్టుకోకుండా ఇలా తిరగేసి పెడతారు."

నా మిషన్‌నే అద్దంలో చూపించి నాకే అమ్మబోయాడు వాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక ముందు ఏడ్చాను. పైసా పోలేదు కదా అని ఇద్దరూ ఓదార్చారు. నా ఏడుపు డబ్బు కోసం కాదు. నా ఇల్లు పోయింది. ఆ అమ్మగారు పోయింది, పుట్టకుండానే పోయింది. మెసేజులన్నీ మళ్లీ చదివాను. ఎడంచెయ్యి, అమ్మ, ప్రత్యేకంగా చేయించడం, ఆవిడ లేకపోవడం, అన్నీ ముందు నేను అన్న మాటలే. గుడ్డ నాది, కొలతలు నావి. వాడు చివర్న గుండీ ఒక్కటి కుట్టాడు.

తోడికోడలు సైటువాళ్లకి ఫిర్యాదు పెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లి గరిటె తెచ్చి, మిషన్ మీద పెట్టి, ఫొటో తీసి వాడికి పంపాను. కింద "గరిటె దొరికింది" అని రాశాను. వాడు చూసినట్టు ఫోన్లో గుర్తు పడింది. కాసేపటికి మనిషీ లేడు, ప్రకటనా లేదు.

ఐదింటికి చెప్పిన మాట ప్రకారం షాపావిడ వచ్చింది. స్టూలు లాక్కుని, గుడ్డముక్క పెట్టి, కుడిచేత్తో చక్రాన్ని అలా తాకింది. చప్పుడు లేకుండా తిరిగింది. సూది కింద నుంచి గుడ్డ నీళ్లలా జారిపోయింది. ఇన్నేళ్లూ కలలో తిరిగిన మిషన్ ఇదే. నా చేతికి తప్ప ఎవరి చేతికైనా ఇది ఇలాగే తిరిగేదేమో.

"బంగారంలాంటి మిషన్ అమ్మా, ఎందుకు అమ్మేస్తున్నారు?" అని అడిగింది.

భుజం సంగతి చెప్పాను. చిన్న మోటారు బిగించుకుంటే చక్రం ముట్టుకోనే అక్కర్లేదు కదా అంది ఆవిడ. కొనడానికి వచ్చి, అమ్మకుండా ఉండే దారి చెప్పే మనిషి కూడా ఉంటుందని నేను అనుకోలేదు. నేను సిగ్గుపడుతూనే, క్షమించండి, ఇక దీన్ని అమ్మను అన్నాను. బండి కిరాయి దండగ అని కాస్త విసుక్కుంది, టీ తాగి, మోటారు బిగించే మెకానిక్ నంబరు ఇచ్చి వెళ్లింది.

పొద్దు వాలుతుండగా గదిలో ఒక్కదాన్నే మిషన్ ముందు కూర్చున్నాను. కొలతలకి వచ్చేవాళ్ల కోసం పెట్టిన నిలువుటద్దం ఎదురుగా ఉంది. అందులో ఒకావిడ నాలాగే కూర్చుని ఉంది. ఆవిడ మిషన్‌కి చక్రం ఆవిడ ఎడంచేతి వైపు ఉంది. వెనక తెల్ల గోడ, సరిగ్గా నా కలే. ఎంత అదృష్టవంతురాలో అని కుళ్లుకుంటూ, మొహం మీద పడ్డ జుట్టు ఎడంచేత్తో వెనక్కి తోసుకున్నాను.

ఆవిడ కుడిచేత్తో తోసుకుంది.

ఆవిడది కుడిచేతి వాటం. పాపం, ఆవిడకీ చక్రం వాటం కాని వైపే వచ్చింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆ తర్వాత గౌను ఒళ్లోకి తీసుకుని, రెండు ఎడమ చేతుల్లో ఒకటి విప్పడం మొదలుపెట్టాను.