ముప్పై మార్కుల అట్ట

నేను ఒక అట్టను. పైన ప్లాస్టిక్ పూత, ఒక మూల చిల్లు, చిల్లులో పురికొస. అరవై దాటినవారికి మతిమరుపు జబ్బు మొదలైందో లేదో కనిపెట్టే ప్రశ్నలు నా ఒంటినిండా ఉన్నాయి. మొత్తం ముప్పై మార్కులు. నన్ను పట్నంలో చల్లటి గదిలో కూర్చుని రాశారు. రాసినవారిలో ఒక్కరికైనా బడి ముఖం చూడని తల్లి ఉండి ఉంటే నన్నిలా రాసేవారు కాదు.

ఆరోగ్య కేంద్రంలో బీపీ మిషను పక్కన మేకుకు తగిలించారు. మొదట్లో విజయ సిస్టరు నాలుగు రోజులు శ్రద్ధగా అడిగి చూసింది. చదువు రానివాళ్లెవరూ పది మార్కులు దాటలేదు. ఊరంతటికీ జబ్బని రాయలేక, ఆ తర్వాత నన్ను మేకు మీదనుంచి తీయకుండానే అందరినీ పాస్ చేసేసింది. పైవాళ్లకు కావలసింది నెలకు వంద పేర్లు, అంతే.

ఒకనాడు సునీత తన అత్త ఓదెవ్వను వెంటబెట్టుకొచ్చింది. ఓదెవ్వ నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. కట్టకు ఇరవై అయిదు, ఆ లెక్క ఆమె వేళ్లకే తెలుసు. సునీత సంచిలోంచి రెండు కట్టలు తీసి బల్లమీద పెట్టింది.

"సూడు సిస్టరమ్మా, గీ కట్టల పందొమ్మిదున్నయి, గీదాంట్ల ముప్పై ఒకటి. మా అత్త చేతిల గిట్ల ఎన్నడు తప్పలే. నాకు బయమైతంది."

సిస్టరు ఆ రోజు నన్ను చేతిలోకి తీసుకుంది. నూరులోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంది. గడియారం బొమ్మ గీయమంది. ఓదెవ్వ పెన్ను ఎట్లా పట్టుకోవాలో తెలియక సిగ్గుపడింది.

"నాకేమెరుక బిడ్డా, నేనేమన్న బడికి వోయిన్నా?"

ముప్పైకి తొమ్మిది వచ్చాయి. "జబ్బు గాదు సునీతా, సదువు రాకపాయె, గందుకే," అని బలం గోలీలిచ్చి పంపేసింది సిస్టరు. బీడీ కట్టలు మళ్లీ సంచిలోకి వెళ్లిపోయాయి. నోరుంటే అరిచేదాన్ని, నన్ను పక్కన పడేసి ఆ కట్టల్ని చూడమ్మా అని!

ఎనిమిది నెలల తర్వాత ఓదెవ్వ ఇంటిదారి మరిచిపోయింది. రెండు రోజులకు మొక్కజొన్న చేలో కాలు విరిగి దొరికింది. సునీతను చూసి "ఎవలు బిడ్డా నువ్వు?" అందట. ముందే పంపి ఉంటే ఎంతో కొంత చేసేవాళ్లమని జిల్లా ఆసుపత్రిలో అన్నారట. ఆ కబురు విన్న రోజు విజయ సిస్టరు టిఫిన్ బాక్సు మూత తీయలేదు.

నా ప్లాస్టిక్ మీద పెన్ను రాయదు. అందుకని కట్లు కట్టే టేపు ముక్క నాకు అంటించి దానిమీద రాసింది: "రోజూ చేసే పనిలో తేడా వచ్చిందా? ఇంటివాళ్లను అడగాలి." నా మీదున్న మాటల్లో నాకు గర్వమనిపించింది అదొక్కటే. ఆ ప్రశ్న అడిగాక, కాజాలు తప్పు కుడుతున్న ఒక ముసలి దర్జీని వేళకు జిల్లా ఆసుపత్రికి పంపగలిగింది.

తనిఖీకి వచ్చిన పెద్దసారు నన్ను అటూ ఇటూ తిప్పాడు. "ఎవరు అంటించిన్రిది? దీనికి మార్కులెన్ని?"

"మార్కుల్లేవు సార్."

"మార్కుల్లేని ప్రశ్న దేనికమ్మా?" అంటూ గోటితో టేపు పీకేశాడు. దర్జీ సంగతి సిస్టరు చెప్పబోతే వినకుండా జీపెక్కాడు.

టేపు పోయినా జిగురు మరక పోలేదు. ఇప్పుడు కూడా ఎవరైనా ముసలివాళ్లను పట్టుకొస్తే, సిస్టరు ముందు ఆ మరకమీద వేలు పెట్టి, "చెప్పమ్మా, పనిల ఏం తేడా వచ్చింది?" అని అడుగుతుంది. వాళ్లు చెప్పింది రాసుకోవడానికి నాలో ఈనాటికీ గడి లేదు.