గుణ బండి సంగతి

రైల్లో లేడీస్ పెట్టెలో సీటు దొరికే యోగం నాకు రాసిపెట్టలేదు. తిరువళ్ళూరు ఆఫీసు నుంచి తిరుత్తణి దాకా నిలబడే వచ్చినా. ఇంట్లో చెప్పులు ఇప్పకముందే మా అత్త కస్తూరమ్మ జాబు చేతికిచ్చింది.

"మే జననీ, పెద్దోడు రాసినాడు. చదివేసి పోయి కాఫీ పెట్టు."

కూర్చో అనే మాట అత్త సిలబస్‌లో లేదు.

పెద్దోడంటే మా ఆయన శశికుమార్. చిన్నోడు గుణ, మిలిట్రీ లారీ డ్రైవరు. అన్న గూడా మిలిట్రీనే, ఇద్దరూ ఒకే చోట ఉండారు. బార్డర్లో యుద్ధం మొదలైనప్పట్నించి ఫోన్లు తీసి పెట్టేసుకున్నారంట, ఇంక జాబులే గతి. అన్నదమ్ములు మాట్లాడేది తెలుగు, ఇస్కూల్లో చదివింది తమిళం. అందుకని తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాస్తారు. అత్తకు ఏ అక్షరమూ రాదు. వాళ్ళు దేశానికి సేవ చేస్తే, నేను వాళ్ళ చేతిరాతకు చేస్తా. దీనికి మెడల్ లేదు, క్యాంటీన్ రమ్ము గూడా లేదు.

అమ్మ షుగరు అడిగినాడు, బోరులో నీళ్ళు అడిగినాడు. నన్నేమీ అడగలేదు. ఆఖర్న, "గుణ బండి గాలిపోయింది" అని గట్టిగా చదివినా. దాని కిందనే ఉండాది: "అమ్మకు నిదానంగా చెప్పు."

మళ్ళా మీది వాక్యానికే పోయి చూసినా. తమిళంలో క, గ రెండిటికీ ఒకటే అక్షరం. అది గాలి పోయింది కావచ్చు. కాలిపోయింది కావచ్చు. మా ఆయన మాటల మధ్య జాగా వదిలే మనిషి కాదు.

"పంచరా!" అత్త ఒకటే నవ్వు. "సైకిలప్పుడే గాలి చూసుకునేవాడు కాదు ఎదవ. అన్న ఉండాడు కదా, స్టెప్నీ మారుస్తాడులే."

కింద వాక్యం మింగేసినా. పంచర్ సంగతి ఎవురైనా నిదానంగా చెప్తారా? మా ఆయన చెప్పమంటాడు. వాషింగ్ మిషన్ కొన్నప్పుడు గూడా "అమ్మకు నిదానంగా చెప్పు" అనేసి రైలెక్కేసినాడు. కొనేది ఆయన, నిదానంగా చెప్పి తిట్లు తినేది నేను.

మిలిట్రీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే బిజీ. వంటింట్లో జాబు లైటు కింద పెట్టి చూసినా, అక్షరం ఏమీ ఒప్పుకోలేదు. పాలు పొంగిపోయినాయి.

"పాలు పోగొట్టినావా? జీతం తెస్తే సరా?" అంటానే అత్త కాఫీ తాగేసి, ఇన్‌లాండ్ కవరు నా ముందర పెట్టింది.

"గుణకు రాయి మే. టైర్లు చూసుకొమ్మను. ఏళకు తినమను."

పెన్ను పట్టుకోనుండా. అత్త నా మొగమే చూస్తా ఉండాది. అక్కల్లారా, మీలో ఎవురైనా చెప్పండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా. జాబు ఎత్తుకునేటప్పుడే 'చిరంజీవి గుణకు' అని రాయాల. రాసేదా, వద్దా?