ఇద్దరు డెల్మర్లు, ఒక పిస్తోలు లైసెన్సు

టెనెసీ రాష్ట్రపు కొండల్లో రాతి గోడలూ పొగగొట్టాలూ కట్టడంలో డెల్మర్ హాట్‌మేకర్‌కు మంచి పేరుండేది. పదిహేనేళ్లప్పుడు మొదలుపెట్టిన పని అరవై దాటినా మానలేదు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి నడుముకు పిస్తోలు పెట్టుకుని తిరగాలన్న కోరిక పుట్టింది. పుట్టించినవాడు బావ రాయిస్.

రాయిస్ అంటే డెల్మర్ భార్య వెర్లీన్‌కు అన్న. ఆదివారం చర్చి అవగానే చెల్లెలి ఇంటికి భోజనానికి వచ్చేస్తాడు. ఆ చలికాలంలో ఆయనకు పిస్తోలు దాచుకుని తిరిగే లైసెన్సు వచ్చింది. అప్పటినుంచి కుర్చీలో కూర్చునే ముందు కోటు అంచు కాస్త వెనక్కి లాగి, నడుము తడుముకుని, కొంచెం అడ్డంగా ఉంది, ఏమీ అనుకోకండి అనేవాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అయినా వారం వారం అనేవాడు. దాచుకుని తిరగమని ఇచ్చిన వస్తువును ఊరందరికీ చూపించిన ఘనుడు మా అన్నే అని వెర్లీన్ నవ్వేది. డెల్మర్‌కు మాత్రం నవ్వు వచ్చేది కాదు. కోడికూర తింటున్నా ఆయన చూపు బావ కోటు మీదే ఉండేది.

చివరికి ఒకరోజు తనకూ లైసెన్సు కావాలన్నాడు.

"నీకు శత్రువులెవరున్నారయ్యా?" అంది వెర్లీన్. "నువ్వు కట్టిన గోడ దూకలేని మేకలు తప్ప."

కొండ మీద ఒంటరిగా పని చేస్తుంటాననీ, అక్కడ ఊరకుక్కలు గుంపులుగా తిరుగుతాయనీ చెప్పాడు. ఆ కుక్కలకు రోజూ తన మధ్యాహ్నం రొట్టెలో సగం విరిచి పెట్టేది ఎవరని ఆమె అడిగింది. డెల్మర్ ఆ మాట వినిపించుకోనట్టు బూట్లు తుడుచుకున్నాడు.

టెనెసీలో అప్పటికి లైసెన్సు లేకుండా పిస్తోలు దాచుకుని తిరగడానికి వీల్లేదు. ముందు ఒక రోజంతా క్లాసులో కూర్చోవాలి, చివర్లో గురి పరీక్ష నెగ్గాలి, ఆ తర్వాత దరఖాస్తు, వేలిముద్రలు. క్లాసు ఊళ్లోని ఫైరింజన్ షెడ్డులో పెట్టారు. ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చేస్తానంటూ వెర్లీన్ కూడా వెంట వచ్చి పేరు రాయించుకుంది. పాఠం చెప్పిన రిటైర్డ్ పోలీసాయన చట్టం గురించి చెబుతున్నంతసేపూ ఆమె ఊలు అల్లుకుంటూ కూర్చుంది. గురి దగ్గరకొచ్చేసరికి డెల్మర్ గుళ్లు కాగితం బొమ్మ భుజాల మీదా చెవి పక్కనా పడినా, ఎలాగో గట్టెక్కాడు. వెర్లీన్ గుళ్లన్నీ బొమ్మ గుండెలో ఒకే చోట పడి, అక్కడ అరచేయి పట్టేంత కన్నం పడింది. పోలీసాయన టోపీ తీసి ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నారమ్మా అని అడిగాడు. సూదిలో దారం ఎక్కించడం కన్నా తేలికేనండీ అందామె. కానీ దరఖాస్తు మాత్రం పెట్టలేదు. తన చేతిసంచిలో ఇప్పటికే చోటు లేదంది.

డెల్మర్ ఒక్కడే దరఖాస్తు పెట్టి, వేలిముద్రలు ఇవ్వడానికి జిల్లా కేంద్రానికి వెళ్లాడు. ఒక పార్సిళ్ల దుకాణం వెనకగదిలో ముద్రలు తీసే యంత్రం ఉండేది. దాని దగ్గర కెండ్రా అనే అమ్మాయి కూర్చునేది. ఆమె ఆయన వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని గాజు మీద ఆనించింది. గట్టిగా ఆనించింది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ ఆనించింది. తెర మీద బూడిదరంగు మరకలు తప్ప ఏమీ రాలేదు.

"పెద్దాయనా, మీకు వేలిముద్రలు లేవండీ."

"లేకపోవడమేంటమ్మా, వేళ్లున్నాయిగా?"

వేళ్లున్నాయి. కానీ నలభై ఐదేళ్లు సున్నంలో నాని, రాళ్లకు రాసుకుని, కొనలు ఏటి గులకరాళ్లలా నునుపుదేలాయి. కెండ్రా ఆ మరకలనే పై ఆఫీసుకు పంపింది. పనికిరావని తిరిగొచ్చాయి. ఆమె జాలిపడి ఉపాయం చెప్పింది. కొన్ని వారాలు రాయి ముట్టుకోకుండా, చేతులకు లేపనం పట్టించి తొడుగులు వేసుకుని ఉంటే గీతలు మళ్లీ తేలవచ్చట.

దాంతో డెల్మర్ ఇంట్లో కూర్చున్నాడు. ఆవుల పొదుగులకు రాసే లేపనం డబ్బాలకు డబ్బాలు పట్టించి, పైన తెల్లటి నూలు తొడుగులు వేసుకునేవాడు. తలుపు పిడి పట్టుకుంటే జారిపోయేది. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని పసిపిల్లాడిలా తాగేవాడు. సగంలో ఆగిన పొగగొట్టం తాలూకు మనుషులు ఫోన్ చేస్తే, ఒంట్లో బాగాలేదని వెర్లీన్ చేతే చెప్పించేవాడు. ఆమెకు మాత్రం ఇది బాగానే ఉంది. ఊలు ఉండ చుట్టడానికి ఎదురుగా రెండు చేతులు ఖాళీగా దొరికాయి. ఆదివారం రాయిస్ వచ్చి ఆ తొడుగులు చూసి, "ముద్రల్లేని మనిషివి, ఏ బ్యాంకో దోచుకోవాలి గానీ లైసెన్సు ఎందుకు బావా నీకు?" అని కడుపు పట్టుకుని నవ్వాడు. డెల్మర్ చేతి చెంచా జారి చిక్కుడుగింజల గిన్నెలో పడింది.

ఇంత చేసి మళ్లీ వెళితే రెండోసారీ అవే మరకలు. రెండుసార్లు తిరిగొస్తే ఇక వేళ్లు వదిలేసి, పేరు పెట్టి పాత రికార్డులు వెతుకుతారని కెండ్రా ధైర్యం చెప్పింది. పేరుతోనే అయితే తనకు భయమేముంది? జీవితంలో ఒక్కసారి కూడా పోలీసు స్టేషను మెట్లెక్కలేదు. డెల్మర్ ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

వచ్చిన జవాబు చూసి ఈల ఆగిపోయింది. డెల్మర్ హాట్‌మేకర్ అనే వ్యక్తి ఇరవై ఏళ్ల వయసులో జిల్లా రోడ్లశాఖ వారి రోడ్డు రోలరు దొంగిలించి శిక్షపడినందువల్ల, అతనికి జన్మలో తుపాకీ ఇవ్వడం కుదరదని అందులో ఉంది.

ఆయన ఉన్నపళంగా కెండ్రా దగ్గరకు వెళ్లి, తానెన్నడూ రోడ్డు రోలరు ఎక్కలేదని చెప్పాడు. పాత కేసు కాగితంలో పుట్టిన తేదీ లేదనీ, ఏడాది మాత్రమే ఉందనీ, అది ఈయన ఏడాదేననీ ఆమె చూసి చెప్పింది. తర్వాత ఓదార్పుగా అంది: "ఏం కంగారు లేదండీ. మీ వేలిముద్రలు పంపితే మీరు ఆయన కాదని ఇట్టే తేలిపోతుంది."

ఇద్దరూ కాసేపు గాజుపలక వైపు చూశారు.

"అవే కదమ్మా లేనివి," అన్నాడు డెల్మర్.

ఇంటికొచ్చి చెబితే వెర్లీన్ ఊలు పక్కనపెట్టి, "మీ పెదనాన్న కొడుకు," అంది.

డెల్మర్‌కు అప్పుడు తట్టింది. వాళ్ల తాత డెల్మర్ చనిపోయిన ఏడాది, ఆయన వేటకుక్క ఎవరిదన్న దాని మీద ఇద్దరు కొడుకులకూ తగువొచ్చింది. ఆ వసంతంలోనే ఇద్దరికీ మగపిల్లలు పుట్టారు. తాత పేరు మాదంటే మాదని ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఒక కుటుంబం కొండకు అవతల కాపురం పెట్టింది. అరవై ఏళ్లుగా రాకపోకల్లేవు. రెండో డెల్మర్‌ను ఈయన ఒక్కసారి ఎవరిదో చావు దగ్గర దూరం నుంచి చూశాడంతే. అక్కడ తేనెటీగలు పెంచుకుంటున్నాడని మాత్రం వినికిడి.

మర్నాడు డెల్మర్ కొండ దాటి వెళ్లాడు. ఏటవాలు పచ్చికలో తెల్లరంగు వేసిన తేనెపెట్టెల మధ్య, తలకు వల టోపీ పెట్టుకున్న బక్కపల్చటి మనిషొకడు పొగడబ్బా ఊదుతున్నాడు. ఈయన ఈగలకు దడిసి కంచె దగ్గరే ఆగిపోయాడు.

"ఎవరు కావాలి?" అని అరిచాడు వల టోపీ మనిషి.

"నేను డెల్మర్ హాట్‌మేకర్‌ని."

"కాదే, అది నేను."

"నేను కూడా."

ఆ మనిషి వల పైకెత్తి నిదానంగా చూశాడు. "బాబాయి ముక్కు," అని తల పంకించి, అరుగు మీదకు పిలిచి, మొక్కజొన్న రొట్టె మీద తేనె పోసి పెట్టాడు. తినడం మొదలెట్టేలోపే నువ్వే నెలలో పుట్టావని అడిగాడు. మే నెలలో అన్నాడు ఈయన. "నేను ఏప్రిల్. అన్నయ్యా అను," అన్నాడాయన. అరవై ఏళ్లు ఎవరికీ తమ్ముడు కాని డెల్మర్‌కు ఆ మాట గొంతు దిగలేదు. రొట్టె మాత్రం దిగింది.

రోడ్డు రోలరు సంగతి అడిగితే తేనె డెల్మర్ దాచలేదు. కొండకు ఇటువైపున్న ఒక పిల్లను చూడాలని బుద్ధిపుట్టిందట. అప్పటికి బాగా తాగి ఉన్నాడు. ఏరు పొంగి కారు పోయే దారి లేదు. రోడ్డు పక్కన రోలరు కనిపించింది.

"అది మనిషి నడక కన్నా నెమ్మది. పోలీసు పక్కనే నడుస్తూ వచ్చాడు. సిగరెట్ కూడా ఇచ్చాడు. ఆపరా అన్నాడు. ఆపడం ఎట్లాగో నాకు తెలీదన్నాను. అట్లా ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ పోయి ఆ పిల్ల వాళ్ల కోళ్లగూటికి ఆనుకుని ఆగాం."

"ఆ పిల్ల?"

"ఆ పోలీసునే చేసుకుంది."

డెల్మర్ అన్నాళ్ల తర్వాత మొదటిసారి మనసారా నవ్వాడు. ఆ ఊపులో వచ్చిన పని చెప్పాడు. అన్నగారి ముద్రలు ఆ పాత కేసు రికార్డులో ఉన్నాయి కాబట్టి, ఇద్దరూ కలిసి వెళ్లి అవి ఎవరి వేళ్లవో చూపిస్తే చాలు. తేనె డెల్మర్ ఒప్పుకున్నాడు గానీ, తాత కుక్కను తన నాన్న దొంగిలించలేదని ముందు ఒప్పుకోమన్నాడు. దొంగిలించాడనే ఈయన చిన్నప్పటినుంచీ విన్నాడు. ఈయన నాన్నే దొంగిలించాడని ఆయన విన్నాడు. చాలాసేపు తర్జనభర్జన అయ్యాక, ఆ కుక్క రెండిళ్లలోనూ తిని ఎవరికీ చెప్పకుండా ఉండి ఉంటుందని తీర్మానించుకున్నారు. రొట్టె అయిపోయేసరికి ఈయన నోటి నుంచి "అన్నయ్యా, ఇంకొంచెం తేనె" అన్న మాట తనకు తెలియకుండానే వచ్చేసింది.

కెండ్రా ముందు ఇద్దరూ ఒకేసారి గుర్తింపు కార్డులు పెట్టారు. ఆమె రెండూ చదివి, వాళ్లిద్దరినీ చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. తేనె డెల్మర్ వేళ్లు మైనంతో పనిచేసి మెత్తగా ఉండేవి. గాజు మీద ఆనించగానే తెర మీద ముగ్గేసినట్టు గీతలన్నీ విచ్చుకున్నాయి. ఇంత మంచి ముద్రలు ఈ యంత్రం మీద ఎప్పుడూ చూడలేదని ఆమె అంటే, ఆయన పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. పంపితే పాత కేసుతో అచ్చంగా సరిపోయాయి. దొంగ డెల్మర్ ఈ ముద్రలున్న ఆయనేననీ, తన కళ్లెదుట పక్కనే నిలబడ్డ రెండో ఆయన వేరే మనిషనీ కెండ్రా రాసి సంతకం పెట్టింది. కొన్నాళ్లకు కార్డు ఇంటికొచ్చింది. దాని మీద ఫొటోలో డెల్మర్ ఎవరితోనో పోట్లాటకు దిగబోతున్నట్టు ఉన్నాడు.

ఆ ఆదివారమే అన్నగారిని భోజనానికి పిలిచారు. డెల్మర్ కొత్త పిస్తోలు నడుముకు పెట్టుకుని, పొద్దుటినుంచీ కోటు అంచు ఎటు లాగితే బాగుంటుందో అద్దంలో చూసుకున్నాడు. రాయిస్ వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ ఒకేసారి నడుము తడుముకున్నారు. అప్పుడే తేనె డెల్మర్ వాకిట్లోకొచ్చి, తేనెసీసా చేత్తో పట్టుకుని గడప బయటే ఆగిపోయాడు.

"లోపల ఎన్ని తుపాకులున్నాయి?"

"రెండున్నాయి," అన్నాడు డెల్మర్ కొంచెం గర్వంగా.

"అయితే నేను బయటే తింటాను తమ్ముడూ. శిక్షపడినవాణ్ణి, నా పక్కన తుపాకీ కనబడితే చాలు, నాదేనని రాసుకుంటారు. రోలరంటే కుర్రతనం. ఈ వయసులో జైల్లో ఆ గట్టి మంచం మీద పడుకోలేను."

వెర్లీన్ వంటింట్లోంచి పళ్లెంతో వచ్చింది. పెద్దాయన్ను గడప బయట నిలబెట్టి ఈ ఇంట్లో ఎవరూ కోడికూర తినరంది. ఆ రెండు ఇనుప ముక్కలూ రాయిస్ అన్నయ్య బండిలో పెట్టి తాళం వేసి రండి, లేకపోతే పళ్లెం వెనక్కి పోతుందంది. డెల్మర్ వెంటనే లేచాడు. రాయిస్ లేవలేదు. నా లైసెన్సు నా హక్కు అని గొణిగాడు. వెర్లీన్ పళ్లెం పట్టుకుని నిజంగానే వెనక్కి తిరిగింది. దాంతో ఆయనా లేచాడు.

తిరిగొచ్చి కూర్చున్నాక రాయిస్ కాసేపు ముఖం ముడుచుకునే ఉన్నాడు. కానీ నడుము దగ్గర ఒత్తిడి లేకపోవడంతో కుర్చీలో హాయిగా వెనక్కి వాలి, ఎన్నడూ లేనిది మూడోసారి కూర వడ్డించుకున్నాడు. రోలరు కథ పోలీసు సిగరెట్ ఇచ్చిన చోటికి వచ్చేసరికి నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుని, కోళ్లగూడు సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

తర్వాత డెల్మర్ మళ్లీ రాతిపనిలోకి వెళ్లి, ఆగిన పొగగొట్టం పూర్తి చేశాడు. కార్డు జేబులోనే ఉంటుంది, అడిగినవాళ్లకు చూపిస్తాడు. పిస్తోలు మాత్రం బీరువాలోంచి బయటికి రావడం తగ్గింది. పని లేని రోజుల్లో అన్నగారితో చేపలకు వెళుతున్నాడు, పిస్తోలు వెంట ఉంటే అన్నగారు డెల్మర్ బండెక్కడు. ఏటి ఒడ్డున ఇద్దరూ పక్కపక్కన గాలాలు వేసుకుని కూర్చుంటారు. ఎవరైనా దారిన పోతూ "డెల్మర్, ఏమైనా పడ్డాయా?" అని కేకేస్తే, ఒకాయన పడ్డాయంటాడు, ఇంకొకాయన లేదంటాడు.