అతుకు లేని గోడ

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న ప్రార్థన మందిరానికి గోడ మొదలెట్టిన దగ్గర్నుంచి తాపీమేస్త్రి జ్ఞానదాసుకి కంటిమీద కునుకు లేదు. డెబ్భై తొమ్మిదో సంవత్సరం అది. మందిరం వెనక రోడ్డువారనున్న ఖాళీ జాగా నాదేనని కలప డిపో యజమాని త్రినాథరావు అడ్డం తిరిగాడు. సోమవారం సర్వేయరు వచ్చేసరికి సరిహద్దు గోడ లేచి ఉంటేనే సంఘం మాట చెల్లుతుంది. లేదంటే, జాగా డిపో దుంగల పాలే.

పాస్టరు జ్ఞానశేఖర్ అయ్యగారు ప్రసంగంలో నెహెమ్యా సంగతి చెప్పారు. యెరూషలేము గోడని ఎవరింటి ఎదుట వాళ్ళే కట్టుకున్నారట. వీడి పక్కన వాడు, వాడి పక్కన ఇంకొకడు. శత్రువులు మీదపడతారని ఒక చేత్తో పని, ఇంకో చేత్తో కత్తి. అదిగో, ఆ కత్తి దగ్గరే అందరికీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. మిగతాది ఎవరిక్కావాలి! పదకొండు కుటుంబాలు గోడని పదకొండు ముక్కలుగా పంచుకుని, ఇటికలు పేరుస్తూనే ఒకరినొకరు ఓరకంట చూసుకోసాగారు.

జ్ఞానదాసు చూపంతా పక్క ముక్క మీదే. అది అతని చెల్లెలు జయమణి మొగుడు ఆనందకుమార్‌ది. హార్బర్ నుంచి డిపోకి కలప లారీ తోలుతాడు. టీకొట్టు దగ్గర త్రినాథరావు గుమస్తాతో పకపకా నవ్వడం మేస్త్రి కళ్ళారా చూశాడు. ఏ రోజు ఎన్ని వరసలు లేచాయో డిపోలో చెప్పుకుంటున్నారట, వాళ్ళకెలా తెలుస్తోంది మరి? గోడ రోడ్డు మీదే ఉంది, గుడ్డివాడికి తప్ప అందరికీ కనిపిస్తుందన్న ఆలోచన పాపం అతనికి రాలేదు.

"ఏటి బావా, ఆ గుమస్తాతో అన్నేసి కబుర్లు?"

"సరుకు దింపినప్పుడు మాటాడకపోతే ఎలా బావా? ఏటలా సూస్తన్నావ్?"

"ఏటీ లేదులే."

ఏటీ లేదంటూనే ఆ సాయంత్రం తన ముక్క కొసని నున్నగా మూసేసి సిమెంటు పూశాడు. ఇంటిదొంగ గోడతో నా గోడకి పొత్తేటి అనుకున్నాడు. పెద్దమేస్త్రే అలా మూశాక ఇంకేముంది, ఆనందకుమార్‌కి అవతలి పక్క కడుతున్న కన్నబాబు కూడా అలాగే మూసేశాడు.

ఆదివారం ఆరాధన మధ్యలో దబ్బుమని చప్పుడు. అందరూ బయటికి పరుగెత్తారు. ఆనందకుమార్ ముక్క మొత్తం బోర్లా పడి ఉంది.

"ఈడే! డిపోవోళ్ళ సేత ఈడే తోయించినాడు!" కన్నబాబు ఆనందకుమార్ చొక్కా పట్టుకున్నాడు. సంఘంలోంచి వెలేయండని నలుగురూ కేకలేశారు.

ఆనందకుమార్ జ్ఞానదాసు వైపే చూశాడు. "బావా, నువ్వైనా సెప్పు."

జ్ఞానదాసు విరిగినచోట చెయ్యి పెట్టాడు. విరగడమా! తన కొసకి గీత కూడా పడలేదు. గోడ ఆపినచోట పక్కవాడి ఇటిక దూరడానికి వరస విడిచి వరస పళ్ళలా ఖాళీ వదలాలి. ముప్పయ్యేళ్ళుగా తను తిట్టి తిట్టి నేర్పిన పనే అది. అటూ ఇటూ పట్టు లేని ముక్క, రాత్రి కురిసిన వానకి నేల మెత్తబడితే నిలబడుతుందా? ఇప్పుడు నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది. ఆ ఊహ వచ్చినందుకే సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఎవుడూ తొయ్యలేదు," అన్నాడు. "నానే అతుకు వదల్లేదు. ఈడు డిపో మనిసనుకున్నాను."

కన్నబాబు చొక్కా వదిలేశాడు. జయమణి అన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

"గోడ సాయంత్రానికి లేపేత్తావు అన్నియ్యా, నీకది సేతనైన పని. మా ఆయన మీదేసిన మాటని ఎలా తీత్తావ్?"

జ్ఞానదాసు సుత్తి తీసుకుని తన కొసని తనే పగలగొట్టుకున్నాడు. కన్నబాబూ అదే పని చేశాడు. పదకొండు కుటుంబాలూ ఒక్క వరసలో నిలబడి ఇటికలు చేతి నుంచి చేతికి అందించుకున్నాయి. ఆనందకుమార్ కూడా వచ్చి మేస్త్రి పక్కనే నిలబడ్డాడు. హమ్మయ్య, కోపం తగ్గినట్టుందని జ్ఞానదాసు ఆశగా చెయ్యి చాపాడు.

ఆనందకుమార్ ఇటిక అందించాడు.

"పట్టుకోండి, మేస్త్రిగారూ," అన్నాడు.