బరంపురం కొట్టుకు సరే

భార్గవి తయారుచేసిన వెబ్ పేజీకి పురిట్లోనే సంధి కొట్టేలా ఉంది. పలాస జీడిపప్పు వ్యాపారి మల్లేశ్వరరావు పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

"సాయంత్రం దాకా సూత్తాను. ఇంకోపాలి ఇలాటి తప్పు జరిగితే పాత నల్లతెర ప్రోగ్రామే ఎక్కించీమంటాను. నువ్వేటీ అనుకోకు."

వరసకు మేనమామ కాబట్టి ఆ మాత్రం మెత్తగా చెప్పాడు. పలాసకు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. విశాఖలో ఎంసీఏ చదివి, అక్కడి ఉద్యోగాలు కాదనుకుని, స్టేషను రోడ్డులో గది తీసుకుని సొంతంగా పని మొదలుపెట్టింది. మొదటి బేరం మావయ్యదే. ఇది నిలబడితే కాశీబుగ్గలోని మిగతా వ్యాపారులూ వస్తారు. పడిపోతే, మావయ్యే వద్దన్న సరుకును ఇంకెవరు ముట్టుకుంటారు?

నిజానికి పేజీ ముచ్చటగా ఉంటుంది. ఊరూరా మిఠాయి కొట్లవాళ్లు తమ కంప్యూటర్లోనే విరగని గుండు పప్పు ఎంత కావాలో, రెండుగా విడిన బద్ద ఎంత కావాలో రాసి పంపుతారు. ఆఫీసులో ఉండే దేవి ఆ ఆర్డరు తెరిచి చూడాలి, గోదాముకు ఫోను చేసి సరుకు ఉందో లేదో కనుక్కోవాలి, ఆ తర్వాతే ఒప్పుకోవాలి. ఒప్పుకోగానే కొట్టువాళ్లకు "సరే" అని జవాబు దానంతటదే వెళ్లిపోతుంది. పాత ప్రోగ్రాము నల్లటి తెర మీద అంతా మీటలతోనే నడిచేది కాబట్టి దేవికి మౌసంటే చిరాకు. అందుకే భార్గవి మీటలు పెట్టింది. అవీ ఇంగ్లీషు మాటలకు కాదు, అచ్చ తెలుగు మాటలకే. ఆల్ట్ నొక్కి సి కొడితే చూడు. ఆల్ట్ నొక్కి ఎస్ కొడితే సరే. ఒకరు నేర్పక్కర్లేకుండానే గుర్తుండిపోతాయని తన తెలివికి తనే మురిసిపోయింది.

గుర్తుండడం సంగతి దేవుడెరుగు, దేవి చూడబోయిన ఆర్డరల్లా ఒప్పుకున్న ఆర్డరై కూర్చుంటోంది. టెక్కలి కేటరింగాయనకు లేని సరుకు పంపుతామని మాట వెళ్లిపోయింది. పొద్దున బరంపురం మిఠాయి కొట్టాయన ఫోను చేసి, సగం ఒడియాలో సగం తెలుగులో, సరే అన్న గుండు ఏదని దులిపేశాడు. మల్లేశ్వరరావు కోపానికి కారణం అదే.

భార్గవి తెర పక్కన చీటీ అంటించింది.

"అక్కా, ఇదిగో, ఇక్కడ రాసే ఉంది కదా. ఒక్కసారి చూసి కొట్టండి."

"రాసున్నాదమ్మా, నానేటి గుడ్డిదాన్నేటి? సీ అంటే సూడు. నోటికి వొచ్చీసింది. సెయ్యి మాత్రం ఎస్సుకే పోతన్నాది."

"ఎందుకు పోతోంది?"

"నాకేటి తెలుసు? సదూకున్నావు, నువ్వే సెప్పాలి."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని భార్గవి లోపల్లోపల గొణుక్కుంది. పైకి అనలేదు. తను ఎవరినీ మాట అనే మనిషి కాదు, అన్నా అచ్చులో వేసినట్టు అంటుంది. విశాఖ హాస్టల్లో చేరిన కొత్తలో ఆమె ఊరి యాస వినడానికని పిల్లలు పిలిచి మరీ మాట్లాడించి నవ్వేవారు. అప్పటినుంచి నాలుకను చిత్రిక పట్టి పట్టి నున్నగా చేసుకుంది. ఇంటికొచ్చాకా అదే తీరు. వజ్రపుకొత్తూరులో వాళ్లమ్మ బొడ్డమ్మ, "మా పిల్ల రేడియోనాగ మాటాడతాది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది. అది మెచ్చుకోలో దెప్పుడో భార్గవి ఎప్పుడూ తేల్చుకోలేదు.

సాయంత్రం మల్లేశ్వరరావు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏదీ, నువ్వే కూకుని సూపించు. దేవి తప్పో, నీ పేజీ తప్పో తేలిపోతాది."

సరిగ్గా అప్పుడే కొత్త ఆర్డరు పడింది. మళ్లీ బరంపురం కొట్టే.

"గోదాములో గుండు నిండుకున్నాది," అన్నాడు మావయ్య ఆమె భుజం మీదికి వంగి. "మళ్లీ సరే అన్నామంటే ఇంక బరంపురంలో నా మొకం సెల్లదు. ముందు సూడు. సూత్తన్నావా? ఏటి, సూసేవా?"

"సూత్తన్నాను గదా మావయ్యా, ఉండూ!" అని విసుక్కుంటూ భార్గవి మీట కొట్టింది.

"సరే. మీ ఆర్డరు ఖాయమైంది" అంది తెర.

భార్గవి వేలు ఇంకా ఎస్ మీదే ఉంది. ముందు దేవి ఫక్కుమంది. ఆ నవ్వు విన్నాక గానీ భార్గవికి తన నోట్లోంచి ఏ మాట ఊడిపడిందో తెలియలేదు. సూడు అనుకునే మనిషి వేలు సి దగ్గరికి ఎందుకు పోతుంది? ఆ మాటలో సి ఎక్కడుంది? వారం రోజులుగా దేవి చెయ్యి సరిగ్గానే పోతోంది. తన చెయ్యీ అటే పోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, ఆ వెనకే నవ్వు తన్నుకొచ్చింది. బిగుతు చెప్పులు విప్పేసి ఇసకలో కాలు పెట్టినంత హాయిగా అనిపించింది.

"నల్లతెర ఎక్కించీమంటావేటి?" అన్నాడు మావయ్య, నవ్వాలో కేకలెయ్యాలో తెలియక.

"ఒక్క అరగంటియ్యి మావయ్యా. ఈలోగా బరంపురానికి నువ్వే ఫోను సేసీ."

అతను బతిమాలో బుజ్జగించో బరంపురం కొట్టాయన్ని శాంతపరిచి వచ్చేసరికి పేజీ మారిపోయింది. ఎస్ కొడితే ఇప్పుడు ఆర్డరు తెరుచుకుంటుంది, అంతే. ఒప్పుకోవాలంటే ఖాయం అని కె కొట్టాలి. అప్పుడైనా "ఖాయమేనా? గోదాముని అడిగేవా?" అని పేజీ ఎదురు అడుగుతుంది. మల్లేశ్వరరావు కళ్లజోడు సర్దుకుని తెర మీది బొత్తాన్ని చదివాడు.

"ఏటే ఇది, సూడు అని తప్పు రాసీసినావు?"

"తప్పు కాదు మావయ్యా. మనం అనీదే రాసేను."

అతను దేవిని లేపి తనే కూర్చున్నాడు. ఆ కంప్యూటర్ కొన్ననాటినుంచి దాన్ని ముట్టుకున్న మనిషి కాడు. ఆల్ట్ ఎక్కడుందో దేవి చూపించింది. రెండో మీట ఎవరూ చూపించలేదు. "సూడు" అని పైకే అనుకుంటూ, చూపుడువేలితో వెతుక్కుంటూ వెళ్లి ఎస్ కొట్టాడు. ఆర్డరు బుద్ధిగా తెరుచుకుంది. సరే అని ఎవరికీ కబురు పోలేదు.

ఆ బొత్తాన్ని అతను మళ్లీ చదివాడు, ఈసారి నెమ్మదిగా. తర్వాత దేవి వైపు తిరిగాడు.

"ఆ పాత నల్లతెర తీసీమను. ఇది మన బాస మాటాడతన్నాది."